వజ్రమంటే రాయి కాదు, జిగురు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా కావలిలో ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీరు కొంచెం ముందుకు జరగండి. వెనక నిలబడితే ఈ బల్ల మీద ఏముందో కనపడదు. అమ్మా, మీరు కూడా రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఈ బల్ల మీద ఒక కరెంటు స్టౌ ఉంది. దాని మీద గిన్నెలో నీళ్ళు. నీళ్ళలో ఒక పాత డబ్బా. డబ్బాలో తేనె రంగులో ఏదో కాగుతోంది. వాసన వస్తోందా? వస్తుంది. కొంచెం నీసు వాసన, కొంచెం తడి తోలు వాసన. నాకైతే ఇది మా ఇంటి వాసన. పక్కన ఒక ఎత్తుపీట పెట్టాను. కాలు ఊగుతోంది చూడండి. దీని సంగతి చివర్లో చెప్తాను. ఇవి రెండు టేకు ముక్కలు. అంచులు చిత్రిక పట్టి తెచ్చాను.

బాబూ, నీళ్ళ సీసా పట్టుకున్న అబ్బాయి, ఇటు రా నాయనా. ఈ బ్రష్షుతో అంచుకు పూస్తున్నాను. రెండోది దీని మీద పెట్టి ముందుకీ వెనక్కీ రుద్దు. ఊఁ, రుద్దు. ఇంకా. బరువెక్కుతోందా? ఇప్పుడు జరగట్లేదు కదా? అంతే, వదిలెయ్. మేకు కొట్టలేదు, తాడు కట్టలేదు, బిగింపు పెట్టలేదు. నిమిషంలో తనే పట్టుకుంది. దాన్ని అక్కడే ఉండనియ్యి.

ఇది దేంతో చేశారు? చెప్పండి. ఎవరో చెట్టు బంక అంటున్నారు. తుమ్మబంక కాదు. మైదా కాదు. సరే, ఇంకో ప్రశ్న అడుగుతాను. మేకకాళ్ళ పులుసు తిన్నవాళ్ళు ఎంతమంది? చాలా చేతులు లేచాయి. తిన్నాక వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటాయా లేదా? పెదాలు అంటుకుంటాయా లేదా? మనది నెల్లూరు జిల్లా. చేపల పులుసు ఈ పూట వండి రేపు తింటాం. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీసి చూడండి. పులుసు పులుసులా ఉండదు, గిన్నె వంచినా కారదు, గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది. మళ్ళీ పొయ్యి మీద పెడితే కరిగిపోతుంది. మీ వంటింట్లో వేళ్ళకు అంటుకున్నదీ, ఈ డబ్బాలో కాగుతున్నదీ ఒకే పదార్థం. తోలు, ఎముక, నరాలు (అంటే కండను ఎముకకు బిగించి ఉంచే తెల్లటి తాళ్ళు), వీటిని నీళ్ళలో నిదానంగా ఉడికిస్తే దిగే సారం. దాన్ని వడగట్టి, చిక్కబెట్టి, ఆరబెడితే జిగురు.

మా వడ్రంగం వాళ్ళు దీన్ని వజ్రం అంటారు. కొందరు సరేసు అంటారు. చిన్నప్పుడు నన్ను అంగడికి పంపి అర్ధశేరు వజ్రం తెమ్మంటే, బళ్ళో పిల్లలకు చెప్పుకునేవాణ్ణి, మా ఇంట్లో వజ్రాలు శేర్ల లెక్కన కొంటామని. అబద్ధం కాదు కదా!

మా నాయన వడ్రంగి. ఉదయగిరి వైపు పల్లె. అక్కడి చెక్క గరిటెలు, చెంచాలు మీకు తెలుసు. వాటికి అతుకే ఉండదు, ఒకే చెక్కలో తొలుస్తారు. మా నాయన పని అది కాదు. కుర్చీలు, బల్లలు, పెట్టెలు, తలుపులు. అన్నీ అతుకులే. వజ్రం పలకలుగా వచ్చేది. గోధుమ రంగు, గాజులా గట్టిగా, వెలుతురుకు పెడితే ఎర్రగా కనిపించేది. ఆ పలక మీద గళ్ళు గళ్ళుగా అచ్చు ఉండేది, వల ఆనించి తీసినట్టు. ఆ గళ్ళు ఎవరు వేస్తారు నాయనా అని అడిగితే, వచ్చేటప్పుడే అట్లా వస్తుంది అబ్బాయా అనేవాడు. ఆయనకూ తెలీదు. నాకు తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అక్కడికి వస్తాను.

పలకను గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, ముక్కలను రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టాలి. పొద్దునకు ఉబ్బి, నొక్కితే మెత్తగా కదులుతుంది. చన్నీళ్ళలో ఉబ్బుతుందే కానీ కరగదు. దాన్ని డబ్బాలో వేసి, ఆ డబ్బాను నీళ్ళ కుండలో పెట్టి, కుండను పొయ్యి మీద పెట్టాలి. పెరట్లో పొయ్యి. వంటింటి పొయ్యి మీదకు మా అమ్మ రానిచ్చేది కాదు. కాగాక మా నాయన బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక చుక్క తీసుకుని, వేళ్ళు కలిపి విడదీసి, కలిపి విడదీసి చూసేవాడు. సన్నటి దారాలు సాగాలి. సాగితే సరైన పాకం. సాగకుండా జారిపోతే పలచన, ముద్దగా లేస్తే చిక్కన. బెల్లం పాకం చూసినట్టే.

పన్నెండేళ్ళ వయసులో ఒకరోజు ఆయన సంతకు పోతూ, డబ్బా చూస్తూ ఉండమని నాకు చెప్పి పోయాడు. నీళ్ళ కుండలో ఎంతసేపటికీ కాగలేదు. ఆటకు పోవాలి. డబ్బా తీసి నేరుగా నిప్పుల మీద పెట్టాను. కుతకుతా ఉడికింది. రంగు నల్లబడింది. తీసి మళ్ళీ కుండలో పెట్టేశాను. ఆయన చీకటి పడ్డాక వచ్చాడు. మర్నాటికి ఒకరికి కుర్చీ ఇవ్వాలి. దీపం వెలుతురు, తొందర, నా మీద నమ్మకం. వేళ్ళతో చూడకుండానే కుసులకు, అంటే రంధ్రాల్లో దూర్చే చెక్క కొసలకు, పూసి బిగించేశాడు. నెల తిరక్కుండా కుర్చీ వెనక్కి వచ్చింది. వెనక కాలు ఊడి, కూర్చున్న ముసలాయన పడ్డాడు. దెబ్బ తగల్లేదు, అదృష్టం. మా నాయన పలక మంచిది కాదేమోనని అంగడివాణ్ణి తిట్టుకుంటుంటే నేనుండబట్టలేక చెప్పేశాను. కొట్టలేదు. "ఇది అన్నం కాదబ్బాయా, ఉడకనియ్యడానికి. పాలనుకో. పొంగిందా, పోయింది" అన్నాడు. కుర్చీ మొత్తం విప్పి, మళ్ళీ అతికించి, తనే మోసుకుపోయి ఇచ్చి వచ్చాడు. డబ్బులు అడగలేదు.

ఉడికితే ఏం పోయింది? దాంట్లోంచి ఏం పోయింది? ఆ ప్రశ్నే నన్ను రసాయన శాస్త్రం చదివించింది అంటే అతిశయం కాదు.

మన తోలులో, ఎముకలో, నరాల్లో కొలాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మన ఒంట్లో ఉన్న మొత్తం ప్రోటీన్‌లో మూడో వంతు దాకా ఇదే. గ్రీకు భాషలో కొల్లా అంటే జిగురు. జిగురును పుట్టించేది కాబట్టి కొలాజెన్. అంటే జిగురును బట్టే దానికి పేరు పెట్టారు. అది ఎలా ఉంటుందంటే, ముప్పేట తాడులా ఉంటుంది. మూడు పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. అందుకే తోలు అంత గట్టిది. నీళ్ళలో వేడి చేస్తే ఆ పురి వీడుతుంది. పోగులు విడివిడిగా నీళ్ళలో తేలతాయి. అదే జెలటిన్. చల్లారితే పోగులు మళ్ళీ పురి పెట్టుకోవాలని చూస్తాయి. పూర్తిగా కుదరదు. అక్కడక్కడా చుట్టుకుని, మధ్యలో నీళ్ళను బంధించి, గడ్డకడతాయి. మీ ఫ్రిజ్‌లో పులుసు వణికేది అందుకే. ఆ నీళ్ళు కూడా ఆరిపోతే పోగులు దగ్గరకు లాక్కుంటాయి. చెక్క సందుల్లోకి దిగిన పోగులు చెక్కను కూడా లాక్కుంటాయి. అదే అతుకు. ఎంత గట్టిగా లాగుతాయంటే, గాజు పలకను గరుకు చేసి దాని మీద చిక్కటి వజ్రం పూసి ఆరనిస్తే, ముడుచుకుంటూ గాజు పైపొరను పెచ్చులు పెచ్చులుగా ఊడబెరుకుతుంది. మంచు పూలలాంటి నగిషీ గాజు తలుపులను కొన్నిచోట్ల ఇలాగే చేసేవారు. గాజును చీల్చే జిగురు!

మరి ఉడికిస్తే ఏమైంది? పురి వీడటం వేరు, పోగు తెగిపోవడం వేరు. 60 డిగ్రీల దగ్గర ఉంచితే పురి మాత్రమే వీడుతుంది. కుతకుతా ఉడికిస్తే పోగులే ముక్కలు ముక్కలవుతాయి. ముక్కల తాడుతో ఏం కడతాం? ఆ కుర్చీ కాలు ఊడింది అందుకు. నీళ్ళ కుండలో డబ్బా ఎందుకు పెట్టాలో మా నాయనకు కారణం తెలీదు. కానీ చెయ్యి తప్పలేదు, నాలాగా.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. గిట్టలతో, కొమ్ములతో బంక చేస్తారని చాలామంది అంటారు. కాదు. గిట్ట, కొమ్ము, గోరు, వెంట్రుక, ఇవి కెరటిన్ అనే వేరే ప్రోటీన్. ఎంత ఉడికించినా జిగురు దిగదు. కాళ్ళ పులుసుకు మేకకాళ్ళు కాల్చేటప్పుడు గిట్టలు ఊడదీసి పారేస్తారు కదా? ఆ మిగిలిన కాల్లో ఉన్న తోలు, నరాలు, ఎముక, అవే జిగురు ఇచ్చేవి.

ఇప్పుడు ఆ గళ్ళ సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తమిళనాడు వైపు వెళ్ళాను. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, అదంతా తోళ్ళ పదునుకు, అంటే పచ్చి తోలును కుళ్ళకుండా చెయ్యడానికి, పేరున్న ప్రాంతం. అక్కడ ఒక చిన్న జిగురు బట్టీ చూశాను. తోలు పదును చేసే ముందు లోపలి వైపు అంటుకున్న కండ, కొవ్వు, పొరలు గీకేస్తారు. అంచులు, చెవులు, తోక ముక్కలు కత్తిరించేస్తారు. ఆ గీకిన తుక్కు, ఆ ముక్కలు జిగురు బట్టీకి వస్తాయి. జిగురు కోసమని ఎవరూ పశువును కోయరు. మాంసం పోయాక తోలు, తోలు పోయాక మిగిలిన తునకలు. అన్నిటికంటే చివర మిగిలిన దాంట్లోంచి వచ్చేది ఇది.

ఆ తునకలను సున్నపు నీళ్ళ తొట్టెల్లో వారాల తరబడి నానబెడతారు. సున్నం వెంట్రుకను వదిలిస్తుంది, అక్కరలేని ప్రోటీన్లను, కొవ్వును విడగొడుతుంది, కొలాజెన్‌ను ఉబ్బించి వదులు చేస్తుంది. తర్వాత సున్నమంతా పోయేదాకా కడుగుతారు. మళ్ళీ మళ్ళీ కడుగుతారు. కొంచెం ఆమ్లం కలిపి మిగిలిన సున్నాన్ని చంపుతారు. ఆ తర్వాత పెద్ద తొట్టెల్లో వేడినీళ్ళు. మొదటి నీళ్ళు తక్కువ వేడిలో తీస్తారు. అదే మేలురకం, రంగు తక్కువ, పట్టు ఎక్కువ. మళ్ళీ నీళ్ళు పోసి ఇంకొంచెం వేడి పెంచుతారు, రెండో రకం. అలా మూడు నాలుగు సార్లు. చివరిది నల్లగా, బలహీనంగా ఉంటుంది. తేయాకు మళ్ళీ మళ్ళీ మరిగిస్తే ఏమవుతుందో అదే. ఆ నీళ్ళను వడగట్టి, చిక్కబెట్టి, రేకు పళ్ళాల్లో పోసి చల్లారనిస్తే హల్వాలా గడ్డకడుతుంది. తీగతో పలకలుగా కోసి, వలల మీద పరిచి, గాలికి ఆరబెడతారు.

వలల మీద! అక్కడ నిలబడి ఆ వలలు చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మెత్తగా ఉన్న పలక వల మీద కూర్చుని ఆరేటప్పుడు గళ్ళు పడతాయి. మా నాయన చేతిలో చూసిన గళ్ళు ఇవే. అప్పటికే ఆయన పోయి రెండేళ్ళయింది. చెప్పడానికి లేకపోయింది.

ఇంకొకటి కూడా చూశాను. సున్నపు తొట్టెల దగ్గర పనిచేసేవాళ్ళ చేతులు. వేళ్ళ చివర్లు తెల్లగా పొక్కి, చర్మం పగిలి ఉన్నాయి. చేతులకు తొడుగుల్లేవు. మన ఇళ్ళలో కుర్చీ బిగిసి నిలబడటానికి వాళ్ళ చర్మం అరిగింది. ఆ వాసనను చూసి మనం ముక్కు మూసుకుని వాళ్ళను ఊరి బయట ఉంచాం. ఇది తప్పు అని నేను ఎక్కడ మాట్లాడినా చెప్తాను. ఇక్కడా చెప్తున్నాను.

అన్నట్టు, ఒక మంచి ప్రశ్న రాసి పంపారు. పాత చెప్పులు ఉడికిస్తే జిగురు వస్తుందా అని. రాదండీ. మనవైపు తంగేడు పూలు చూస్తారు కదా, ఆ తంగేడు బెరడుతో తోలు పదును చేసేవారు. బెరడులో ఉన్న వగరు ఆ ముప్పేట తాడు పోగులను ఒకదానికొకటి ముడి వేసేస్తుంది. ఆ ముడి పడ్డాక వేడినీళ్ళు మామూలుగా విప్పలేవు. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలతో చేస్తారు, అది ఇంకా గట్టి ముడి. కాబట్టి పచ్చి తోలుకు రెండే దారులు. ముడి వేస్తే చెప్పు, విప్పితే జిగురు.

ఎముకతో కూడా చేస్తారు. ఎముకలు నలగ్గొట్టి, కొవ్వు తీసి, ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. తోలు జిగురుకు ఉన్నంత పట్టు దానికి ఉండదు. మందు గొట్టాలకు, అంటే క్యాప్సూళ్ళకు, వాడే జెలటిన్ అయితే ఎముకను పలచటి ఆమ్లంలో వేసి, గట్టిదనాన్ని ఇచ్చే ఖనిజాన్ని కరిగించి, మిగిలిన మెత్తటి భాగాన్ని నెలల తరబడి సున్నంలో ఉంచి తీస్తారు. చేపతో కూడా వస్తుంది. మన తీరంలో కచిడి చేప పడితే లక్షలు పలికిందని పేపర్లో చదువుతారు కదా? ఆ ధర మాంసానికి కాదు, దాని కడుపులో ఉండే గాలితిత్తికి. ఆ తిత్తి కూడా కొలాజెనే. కొన్ని చేపల తిత్తులతో ఎంతో శ్రేష్ఠమైన జిగురు చేసేవారు, బీరును తేర్చడానికీ వాడారు.

ఎప్పటి నుంచి ఉంది ఈ విద్య? ఇజ్రాయెల్‌లో నహల్ హెమార్ అనే గుహలో దొరికిన వస్తువుల మీద 8 వేల ఏళ్ళు దాటిన కొలాజెన్ జిగురు దొరికింది. ఈజిప్టులో రెఖ్మిరే అనే మంత్రి సమాధి గోడ మీద వడ్రంగుల బొమ్మలున్నాయి. దాదాపు 3,400 ఏళ్ళ నాటివి. అందులో నిప్పు మీద ఒక జిగురు కుండ ఉంది, ఒకడు బ్రష్షుతో పూస్తున్నాడు. ఆ బొమ్మ పుస్తకంలో మొదటిసారి చూసినప్పుడు నాకు అది మా పెరడు.

పిల్లలూ, అగ్గిపుల్ల తలలో మందును పట్టి ఉంచేది ఈ జిగురే. గరుకు కాగితానికి ఇసుకను అంటించింది ఇదే. మీ తాతల పెళ్ళి ఫోటోలు కూడా. వెలుతురుకు మారే వెండి లవణాన్ని ఫిల్ముకు అంటించి ఉంచేది జెలటిన్. 1871లో మాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ పద్ధతి మొదలుపెట్టాడు. కొన్ని జెలటిన్లతో ఫోటోలు బాగా వచ్చేవి, కొన్నింటితో రావు. ఎందుకో తెలీదు. కోడక్ కంపెనీలో షెపర్డ్ అనే శాస్త్రవేత్త 1925లో తేల్చాడు. పశువు ఆవ మొక్కలు మేస్తే, వాటిలోని గంధకం తోలులోకి చేరి, ఫిల్ముకు చురుకు తెస్తోంది. ఆవు ఆవాలు మేస్తే సినిమా బాగా పడింది! మన భాషలో ఇది చెప్తుంటే ఎంత అందంగా కుదిరిందో చూడండి.

అదే 1925లో ఆస్కార్ బ్లూమ్ అనే ఆయన జెలటిన్ పట్టును కొలిచే యంత్రానికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. గడ్డకట్టిన దాని మీద అరంగుళం కడ్డీ పెట్టి, 4 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో చూస్తారు. ఇప్పటికీ బ్లూమ్ లెక్కలోనే అమ్ముతారు. మా నాయన వేళ్ళతో చూసిన దానికి అది అంకె.

మన దేశంలో 1959లో ఫెవికాల్ వచ్చింది. తెల్లగా, వాసన లేకుండా, కాచే పని లేకుండా. వడ్రంగికి రాత్రి నానబెట్టే బాధ పోయింది. తేమకు తట్టుకుంటుంది. వజ్రం తట్టుకోదు. మన నవంబరు తుఫాన్లకు వారం ముసురు పట్టిందంటే వజ్రపు అతుకులు మెత్తబడేవి, బూజు పట్టేది. బొద్దింకలు తినేవి. ఈ లైబ్రరీలో పాత బైండింగు పుస్తకాల వెన్ను దగ్గర కొరికి ఉంటాయి చూడండి, అవి వెతుక్కున్నది అక్షరాలను కాదు, జిగురును. పూజ మందిరం చేసేటప్పుడు మా నాయన వజ్రం వాడేవాడు కాదు, చెక్క మేకులతో బిగించేవాడు. అడిగినవాళ్ళ మనసు ఆయనకు తెలుసు. ఇవన్నీ నిజాలే. కొత్తది వచ్చిందని నేను బాధపడటం లేదు, మా ఇంట్లోనూ ఫెవికాల్ డబ్బా ఉంది.

కానీ ఒక్కటి చెప్పాలి. దీని కోసమే ఇంత దూరం వచ్చాను. కొత్త జిగురు పట్టుకుంటే వదలదు. విప్పాలంటే చెక్క చీలుతుంది. ఆరిపోయిన దాని మీద కొత్తగా పూస్తే సరిగా అంటదు, అంతా గీకెయ్యాలి. వజ్రం అలా కాదు. గట్టిగా పట్టుకుంటుంది, అడిగితే వదులుతుంది. వేడి, తడి, రెండూ ఇస్తే చాలు. వయొలిన్ చేసేవాళ్ళు ఇప్పటికీ దీన్నే వాడేది అందుకు. లోపల ఏదైనా పాడైతే పై పలక పగలకుండా తీయాలి కదా? మన పద్యనాటకాల హార్మోనియం పెట్టెలు వందసార్లు విప్పి వందసార్లు బిగించారు. ఇవాళ ఒక కుర్చీ ఊగితే మనం ఏం చేస్తున్నాం? బయట పడేస్తున్నాం. బాగుచెయ్యడానికి వీలు లేకుండా తయారు చేసుకున్నాం. మా నాయన ఒక వస్తువు చేసేటప్పుడే, యాభై ఏళ్ళకు దీన్ని ఎవరో విప్పుతారని అనుకుని చేసేవాడు. ఆ ఎవరో ఆయనకు తెలీకపోవచ్చు. అయినా వాడికి దారి ఉంచేవాడు. నాకు కావలసింది ఆ దారి.

బాబూ, ఇందాకటి ముక్కలు తీసుకురా. లాగు. గట్టిగా లాగు. రావట్లేదు కదా? ఇంకా పూర్తిగా ఆరనే లేదు. రేపటికి చూడు, చెక్క విరుగుతుంది కానీ అతుకు విరగదు. ఇంటికి తీసుకుపో, నీకే.

ఇక ఈ ఎత్తుపీట. మా నాయన చేసింది. నేను దీని మీద కూర్చునే పదో తరగతి చదివాను. మొన్న వానలకు ఈ కాలు వదులైంది. ఇదిగో, వేడినీళ్ళు కుసి సందులో చుక్కలు చుక్కలుగా పోస్తున్నాను. ఆగాలి. తొందర పనికిరాదు. ఇప్పుడు నెమ్మదిగా అటూ ఇటూ కదిలిస్తున్నాను. వస్తోంది. వచ్చింది. చెక్క ఎక్కడా చీలలేదు చూడండి. కుసి మీద ఎర్రగా మెరుస్తోందే, అది ఆయన పెట్టిన వజ్రం. దీన్ని గీకనక్కర్లేదు. నా డబ్బాలోది వేడిగా పూస్తే ఆయనది కూడా కరిగి, రెండూ కలిసిపోతాయి.

బాబూ, ఇటు వచ్చి ఆ కాలు నిటారుగా పట్టుకో. వేడిగా ఉంది, జాగ్రత్త. అమ్మా, ఆ ఫ్యాను కాసేపు ఆపండి, గాలికి తొందరగా చల్లారిపోతుంది. ఊఁ, ఇప్పుడు నొక్కు.